నోరు మూయించిన హెచ్చరిక

కైకలూరులో కేదారి అనే ప్రోగ్రాములు రాసే యువకుడు ఒకడు ఉండేవాడు. పనిలో దిట్టే, కానీ ‘ఇక్కడ తప్పుందేమో చూడు’ అని ఎవరైనా అన్నారంటే చాలు, ముక్కు మీద కోపం కాస్తా నెత్తికెక్కేది.

కాఫీలో పంచదార తక్కువైతే అతనికి కోపం రాదు. ఎవరైనా కాలు తొక్కినా రాదు. తన రాత జోలికొస్తే మాత్రం తోక తొక్కిన తాచులా లేచేవాడు.

అలాంటి కేదారి ఒక మంచి పని చేశాడు. కైకలూరు చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులే కదా. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే రొయ్యకి ప్రాణం మీదికొస్తుంది. అందుకే చెరువుల్లో నీళ్లు చిమ్మే చక్రాలు పెడతారు. అవి తిరిగితే గాలి నీళ్లలో కలుస్తుంది. అలాగని రోజంతా తిప్పితే కరెంటు బిల్లు చూసి రైతు కళ్లు తిరుగుతాయి. కాబట్టి కేదారి సీ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాసి, చిన్న డబ్బాలో పెట్టాడు. డబ్బాని గట్టు మీద బిగిస్తే, నీళ్లలో మునిగి ఉన్న సెన్సర్‌ని ‘ఆక్సిజన్ ఎంతుంది?’ అని అది అడుగుతూ ఉంటుంది. తగ్గిందంటే చక్రాలు తిప్పుతుంది, సరిపడా ఉందంటే ఆపుతుంది. దానికి ‘చెరువుగాలి’ అని పేరు పెట్టాడు. పైగా ఎవరికీ అమ్మలేదు. రాసిందంతా ఇంటర్నెట్లో అందరికీ తెరిచి పెట్టాడు. చలివేంద్రంలో కుండన్నమాట. దాహమైనవాడు తాగొచ్చు. నలక కనబడితే తీయనూ వచ్చు.

తాగేవాళ్లంటే కేదారికి ఇష్టమే. నలక తీసేవాళ్లంటేనే ఒళ్లు మంట.

ఆ నలక ఆదోనిలో ఉండే షాహీన్ అనే అమ్మాయి కంటపడింది. ఆమె కూడా ఇలాంటి ప్రోగ్రాములే రాస్తుంది. చెరువుగాలి నచ్చి, దాని మీద ఒక తనిఖీ ప్రోగ్రాం పెట్టి చూసింది. ఈ తనిఖీ దేన్నీ నడిపి చూడదు. రాసిందంతా మొదటి నుంచి చివరిదాకా చదివి, ‘ఇక్కడ జారేలా ఉన్నావు, అక్కడ పడేలా ఉన్నావు’ అని ముందే హెచ్చరిస్తుంది. వంట పొయ్యి ఎక్కకముందే గిన్నెలు తిరగేసి పేర్లు పెట్టే అత్తగారి లాంటిది. చాలాసార్లు అది ఉత్త చాదస్తమే. ఒక్కోసారి మాత్రం ఇల్లు తగలబడకుండా కాపాడేది ఆవిడే.

చెరువుగాలిలో హెచ్చరికలు బోలెడు వచ్చాయి. షాహీన్ ఓపిగ్గా ఒక్కొక్కటే సరిచేసి కేదారికి పంపింది. ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు. దాని గురించి ఇలా రాసింది:

“అన్నా, సెన్సర్ జవాబు ఇవ్వకపోతే ఆక్సిజన్ అంకె నిండకుండానే మీ ప్రోగ్రాం ముందుకు పోతోంది. అప్పుడు ఏం చెయ్యాలి? నాకు చెరువుల సంగతి తెలీదు. మీరు చెబితే నేను రాస్తాను.”

సీ భాషతో ఇదే తంటా. పాతది, గట్టిది, పరుగులో దానికి సాటి లేదు. కానీ గిన్నె కడిగారా లేదా అని అడగదు. కొత్త కూర పడని గిన్నెలోంచి వడ్డించమంటే, అడుగున మిగిలిన నిన్నటి పులుసే విస్తట్లో వేసి చక్కా పోతుంది. షాహీన్ అడిగింది ఆ గిన్నె గురించే.

కేదారి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. నలుగురూ చూసే చోటే జవాబు రాశాడు.

“చెల్లెమ్మా, ఇది ఇన్నాళ్లుగా నడుస్తోంది. దీనివల్ల ఒక్క రొయ్య చావలేదు. ఆదోనిలో పత్తి బేళ్లు తప్ప చెరువు మొహం ఎప్పుడైనా చూశావా?”

“లేదన్నా. అందుకే అడుగుతున్నా,” అని ఆమె రాసింది.

“సెన్సర్ జవాబు ఇవ్వకపోవడమేంటి? మంచి సెన్సరే పెట్టమన్నాను అందరినీ.”

“వైరు తెగొచ్చు కదా.”

“తెగదు.”

“తెగితే?”

ఆ ఒక్క మాటకి కేదారి కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. గదిలో అటూ ఇటూ తిరిగాడు. “నిన్నగాక మొన్న వచ్చింది, నాకు నేర్పుతుందట,” అని గోడతో అన్నాడు. గోడ బదులు చెప్పలేదు. దాని మీదా కోపం వచ్చింది. మళ్లీ కూర్చుని, ఆ నిండని అంకె ఉన్న చోట ముందుగానే ‘ఆరు’ అని రాసి పారేశాడు. ఆరే ఎందుకంటే, ఆరోగ్యంగా ఉన్న చెరువులో ఆక్సిజన్ సుమారుగా అంత ఉంటుంది. మిగతా హెచ్చరికల పక్కన కూడా, షాహీన్ పంపిన సవరణలు తెరిచి చూడకుండానే, ‘ఇక్కడ నువ్వు మాట్లాడకు’ అని తనిఖీకి గుర్తులు పెట్టాడు. తనిఖీని మళ్లీ నడిపాడు. గిన్నెలో ఏదో ఒకటి కనబడింది కదా, అత్తగారు నోరు మూసుకుంది.

“ఇదిగో, హెచ్చరికలు సున్నా. ఇక నీ పని నువ్వు చూసుకో,” అని షాహీన్‌కి రాశాడు.

ఆమె నుంచి ఒకటే జవాబు వచ్చింది. “కోపం నా మీదైతే నన్ను తిట్టండి. నేను అడిగినదానికి ఆరు జవాబు కాదు.”

కేదారి ఆమె మళ్లీ అక్కడ ఏమీ రాయడానికి వీల్లేకుండా చేశాడు. కొత్త చెరువుగాలిని అందరికీ విడుదల చేసి, గెలిచానని హాయిగా భోంచేశాడు.

కేదారికి వరలక్ష్మి అని ఒక అక్క ఉంది. ఆమె భర్త నరసింగరావు కొల్లేటి వైపు ఒక చెరువు కౌలుకి చేసేవాడు. పోయిన పంటకి ధర రాక కౌలు బాకీ పడ్డారు. ఈ పంట చేతికొస్తేనే చెరువు వాళ్ల దగ్గర ఉంటుంది, లేకపోతే ఆసామి ఇంకొకరికి ఇచ్చేస్తాడు. రొయ్య బాగా ఎదిగింది. రొయ్యల పట్టుబడికి వలలు కూడా మాట్లాడుకున్నారు. బావమరిది చేసింది కదా అని నరసింగరావు అందరికంటే ముందే కొత్త చెరువుగాలిని తన డబ్బాలోకి ఎక్కించుకున్నాడు.

అంతలో ముసురు పట్టింది. మబ్బు మూస్తే చెరువులో ఆక్సిజన్ తగ్గుతుందని ఆ వైపు పసిపిల్లలకీ తెలుసు. తెల్లవారుతుండగా కేదారి ఫోన్ మోగింది.

“ఒరే కేదారీ, రొయ్య తేలుతోంది,” అన్నాడు నరసింగరావు. “గట్టు వారకొచ్చి మీసాలు బయటపెడుతోంది. నీ చక్రాలు తిరగట్లేదు.”

కేదారి తన ఫోన్లో ఆ చెరువు అంకె చూశాడు. “ఆరు ఉంది బావా. ఆక్సిజన్ పుష్కలంగా ఉంది.”

“ఆరని నువ్వంటున్నావు. చస్తున్నానని రొయ్య అంటోంది. ఎవరి మాట వినమంటావు?”

“నా ప్రోగ్రాం అబద్ధం చెప్పదు.”

“రొయ్య చెబుతుందా?”

కేదారికి సర్రున కోపం వచ్చింది. మొన్న ఆదోని నుంచి ఆవిడ, ఇవాళ ఈయన. ప్రతివాడూ తనకి చెప్పేవాడే. “మేత ఎక్కువేసి ఉంటావు. లేదంటే తెగులు. తెగులైతే చక్రాలు తిప్పకు. అడుగు బురద పైకి లేచి ఉన్నదీ పోతుంది.”

“తెగులైతే మేత తినదు కదరా. నిన్న సాయంత్రం దాకా శుభ్రంగా తింది.”

“చెరువు నీదే కావచ్చు, డబ్బా నాది. దాని సంగతి నాకు తెలుసు. స్విచ్చి ముట్టుకోకు.”

అవతల నరసింగరావు చెయ్యి స్విచ్చి దాకా వెళ్లి ఆగింది. ఇంటి మనిషి, పైగా డబ్బా చేసినవాడు చెబుతున్నాడు. కాదనాలంటే మనసు ఒప్పలేదు, ఔననాలంటే కళ్లు ఒప్పలేదు. మాటకి మాట పెరిగింది. గొంతులు పెరిగాయి. వాళ్లు ఎంతసేపు వాదించుకున్నారో అంతసేపూ చెరువుకి ఊపిరి తరిగింది. చివరికి వెనక నుంచి వరలక్ష్మి గొంతు వినబడింది.

“ఏవండీ, ఆ ఫోన్ పెట్టేసి స్విచ్చి వేస్తారా, నన్ను వెయ్యమంటారా?”

టక్కుమని చప్పుడైంది. చక్రాల హోరు వినబడింది. ఫోన్ ఆగిపోయింది.

కేదారి బండి తీశాడు. దారి పొడుగునా పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. వెళ్లి డబ్బా చూపించి, వాళ్ల మొహం మీదే రుజువు చేయాలనుకున్నాడు.

గట్టు ఎక్కేసరికి నీళ్ల వార పొడుగునా చచ్చిన రొయ్య తెల్లగా పేరుకుని ఉంది. కూలీలు బుట్టలతో తోడి పోస్తున్నారు. సగం చెరువు పోయింది. వరలక్ష్మి మేత బస్తాల మీద కూర్చుని చూస్తోంది. కేదారి ఎవరినీ పలకరించలేదు. నేరుగా డబ్బా దగ్గరికి వెళ్లాడు.

“చూడు బావా, ఇప్పటికీ ఆరే.”

“వైరు లాగు,” అన్నాడు నరసింగరావు.

లాగాడు. వైరు తేలిగ్గా వచ్చేసింది. చివర సెన్సర్ లేదు. పందికొక్కు కొరికిన పళ్ల గాట్లున్నాయి. గాల్లో వేలాడుతున్న ఆ మొండి వైరుని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేతిలో ఉన్న ఫోన్ చూశాడు. ఆరు.

“పందికొక్కు కడుపులో ఆక్సిజన్ బాగానే ఉన్నట్టుందిరా బావమరిదీ,” అన్నాడు నరసింగరావు. నవ్వలేదు.

కేదారికి మళ్లీ కోపం వచ్చింది. ముందు పందికొక్కు మీద వచ్చింది. తర్వాత వైరు అమ్మిన కొట్టువాడి మీద, ముసురు మీద, రోజూ వైరు చూసుకోని బావ మీద వచ్చింది. ఏ కోపమూ ఆ తెల్లటి రొయ్యల వైపు చూశాక నిలబడలేదు. తిరిగి తిరిగి ఒక్కచోటే ఆగింది. ఆ ఆరు రాసిన చెయ్యి తనదే.

“ఇలా అవుతుందని నీకు ఎవరూ చెప్పలేదా?” అని వరలక్ష్మి అడిగింది.

“చెప్పారక్కా. ఆదోని అమ్మాయి. వైరు తెగితే ఏం చేస్తావని అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“తెగదన్నాను.”

వరలక్ష్మి లేచి వచ్చింది. “చిన్నప్పట్నుంచీ నీ కోపం ఇంట్లోవాళ్లం మోశాం. సరే, కన్నందుకు అమ్మకీ, తోడపుట్టినందుకు నాకూ తప్పలేదు. ఈ రొయ్యలకేం ఖర్మరా?” డబ్బా వైపు చెయ్యి చూపింది. “ఈ డబ్బా ఇంకా ఎవరెవరి గట్ల మీద ఉంది? ఇక్కడ నిలబడి నా మొహం చూస్తావేంటి?”

కేదారి తలెత్తి ఆకాశం చూశాడు. మబ్బు ఈ ఒక్క చెరువు మీదే లేదు కదా. అక్కడే గట్టు మీద గొంతుక్కూర్చుని, చెరువుగాలి వాడే అందరికీ ఫోన్లోనే రాశాడు. “కొత్త చెరువుగాలిని నమ్మకండి. చక్రాలు చేత్తో వేసుకోండి. సెన్సర్ ఊడిపోయినా ఇది ఆరు చూపిస్తుంది. షాహీన్ ఈ ప్రమాదం గురించి ముందే అడిగింది. నేను ఆమె నోరు మూయించాను. తప్పు నాది.” చివరి మాట రాసి చెరిపాడు. మళ్లీ రాశాడు. పంపాడు.

తర్వాత షాహీన్ తన సవరణల కింద రాసిపెట్టిన నంబరుకి ఫోన్ చేశాడు.

“షాహీన్ గారూ, నేను కేదారిని. మీరన్నట్టే అయింది. మా అక్క చెరువు సగం పోయింది. మీరు నన్ను క్షమించాలి.”

“మొన్న ‘చెల్లెమ్మా’ అని ఎగతాళి, ఇవాళ ‘గారూ’. నాకు ఒళ్లు మండిపోతోందన్నా, దాచుకోను. క్షమించడం సంగతి తర్వాత చూద్దాం. సెన్సర్ పలకకపోతే చెరువుకి ఏం కావాలి? ముందు అది చెప్పండి.”

కేదారి హోరుమంటున్న చక్రాల వైపు చూశాడు. “చక్రాలు తిరగాలి. మనిషి వచ్చి చూసేదాకా ఆగకూడదు. రైతు ఫోన్ మోగాలి. అంకె చూపించకూడదు, తెలీదని చూపించాలి.”

“ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే టీ తాగేలోపు అయిపోయే పని,” అంది షాహీన్. “రాయండి. నేను చదువుతాను.”

రాశాడు. ఆమె రెండుసార్లు తిప్పి పంపింది. రెండుసార్లూ కేదారి చెవులు ఎర్రబడ్డాయి, రెండుసార్లూ మాట్లాడకుండా దిద్దాడు. ముసురు విడవకముందే సరిచేసిన చెరువుగాలి అందరి గట్లకీ చేరింది. ఆ తర్వాత తను పెట్టిన ‘మాట్లాడకు’ గుర్తులన్నీ పీకేశాడు. హెచ్చరికలు మళ్లీ గోల పెట్టాయి. పళ్లు నూరుకుంటూనే ఒక్కొక్కటీ చదివాడు. కోపం ఒక్క పూటలో పోయే జబ్బా మరి? కొన్ని ఉత్త చాదస్తమే. కొన్నిటి దగ్గర మాత్రం కూర్చున్నచోటే చెమటలు పట్టాయి.

అంత చేసినా అక్క చెరువు దక్కలేదు. మిగిలిన సగం పట్టుబడి కౌలుకి చాలక, ఆసామి చెరువుని ఇంకొకరికి ఇచ్చేశాడు. నరసింగరావు కొన్ని నెలలు ఖాళీగా తిరిగి, వేరేవాళ్ల చెరువు చూసుకునే పనికి కుదిరాడు. రొయ్య పోయిన రోజు నుంచే కేదారితో మాటలు మానేశాడు. వరలక్ష్మి పండక్కి పిలిచినా, వడ్డించి పక్కకి తప్పుకునేది.

నరసింగరావు కుదిరిన చోట కూడా గట్టు మీద చెరువుగాలి డబ్బానే ఉంది. దాన్ని చూడగానే అతను మొహం గంటు పెట్టుకున్నాడు. పనిలో చేరిన మొదటి ఉదయమే ఎవరినీ అడక్కుండా సెన్సర్ వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. చెరువంతా చక్రాలు ఒక్కసారిగా తిరిగాయి. ఆ చెరువు కోసమని ఇచ్చిన ఫోన్ జేబులో గొల్లుమంది. తీసి చూస్తే, అంకె ఉండాల్సిన చోట ‘తెలీదు, వచ్చి చూడండి’ అని ఉంది.

అప్పుడు కేదారికి ఫోన్ చేశాడు.

“వైరు పీకాను,” అన్నాడు. “పలికింది.”

కేదారి ఏదో అనబోయేలోపు పెట్టేశాడు. అంతకాలం తర్వాత బావ అన్న మొదటి మాట అదే.

నీతి: హెచ్చరించినవాళ్ల నోరు మూయించినంత మాత్రాన ప్రమాదం పోదు, కోపాన్ని దిగమింగి, వాళ్లు అడిగిన ప్రశ్నకి నిజమైన జవాబు వెతికితేనే పోతుంది.