ఇడమమ్మ చాప

నాగేశుకు కాలు నిలవడం లేదు. అడవి మీద గూడెం హక్కు కోరే కాగితం, హద్దుల పటం, రెండూ తానే తయారుచేశాడు. నలభై ఒక్క ఇళ్ళలో నలభై వేలిముద్రలు పడ్డాయి. మిగిలింది కొండ మీద మేకలు కాస్తున్న మడివి ఇడమమ్మది. కాగితం తీసుకెళ్ళే జీపు మధ్యాహ్నం దాకే ఆగుతుంది. తరవాత వానలు. వాగు పొంగితే గూడేనికి ఎవరూ రారు.

"పెద్దయ్యా, ఆ ఒక్కటీ వదిలేద్దాం. నలభై చాలవా?"

సోడె ఉంగయ్య గూడెం పెద్ద. తన తరవాత సభ నడపడం రెండేళ్ళుగా నాగేశుకు నేర్పుతున్నాడు. ఆయన ఇంకు డబ్బా తీసి పంచె మడతలో దోపుకున్నాడు. సభకు చేరిన జనం మధ్య ఒక చాప పరిచి, పక్కన కూర్చుని చుట్ట ముట్టించాడు.

"ఆమె వచ్చి ఏం చెబుతుంది? చదువు రాదు కదా!"

"నాకూ రాదు. నన్నూ వదిలేస్తావా?"

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. "పోయి పిలుచుకురా నాగేశూ! నీ కాళ్ళకేం, చదువుకున్న కాళ్ళు!"

నాగేశు ఆయాసపడుతూ కొండెక్కాడు. ఇడమమ్మ బండ మీద కూర్చుని ఉంది.

"అవ్వా, తొందరగా రా. వేలిముద్ర వెయ్యాలి."

"దేనికో చదువు ముందు."

గబగబా చదివాడు. పటం విప్పి చూపించాడు: వాగు, దేవర బండ, వెదురు పొదలు, ఇప్పచెట్లు. ఆమె వేలు మెల్లగా కదిలి, హద్దు గీత దాటి, ఖాళీ కాగితం మీద ఆగింది.

"నా ఇద్దరు పిల్లలను పూడ్చిపెట్టింది ఇక్కడ. అమ్మవారు పోసిన ఏడాది. నీ అక్క కూడా ఇక్కడే ఉంది. నీ గీత ఇవతలే ఆగిందేంది?"

"ఎవరూ చెప్పలేదవ్వా."

"మగాళ్ళను అడిగుంటావు. పసివాళ్ళను మోసుకొచ్చింది మేం."

కింద జీపు హారను మోగింది. నాగేశు చటుక్కున లేచాడు. మళ్ళీ మోగింది. అలాగే నిలబడి దుమ్ము లేవడం చూశాడు. తరవాత వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇంకా ఏమేం వదిలేశాను?"

ఇద్దరూ దిగివచ్చేసరికి పొద్దు వాలింది. ఎవరూ ఇళ్ళకు పోలేదు. ఇడమమ్మ వెళ్ళి చాప మీద కూర్చుంది.

"జీపు పోయింది పెద్దయ్యా," అన్నాడు నాగేశు. "నా గీత తప్పు."

ఉంగయ్య ఇంకు డబ్బా తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు సభ మొదలుపెట్టు."