బాండికూట్ అంటే ఎవరు?

అనగనగా ఒక రేవు. ఆ రేవులో ధాన్యపు కొట్టు కింద బుంగి అనే పందికొక్కు పిల్ల ఉండేది. దానికి తన జాతి పేరంటే సిగ్గు. ఎవరైనా కాస్త ఎక్కువ తింటే చాలు, "పందికొక్కులా మేస్తున్నాడు" అని కొట్టులో వాళ్ళు తిట్టేవారు మరి.

ఒకరోజు రేవుకి ఓడ వచ్చింది. దానిలోంచి దిగిన ఓడ ఎలుక బుంగిని చూసి, "ఓహో, బాండికూట్!" అంది.

"అదేమిటి?"

"నీ పేరే! దూరదేశాల్లో మీవాళ్ళని అలాగే అంటారు. ఒక పెద్ద దీవిలో, పొట్టకి సంచి ఉన్న వేరే జంతువుకి కూడా ఆ పేరే పెట్టుకున్నారు. సాయంత్రం ఓడ కదులుతుంది. నాతో వచ్చెయ్. అక్కడ నిన్ను ఇక్కడి పేరుతో పిలిచేవాళ్ళే ఉండరు."

బుంగి మురిసిపోయింది. "మరి ఆ పేరుకి అర్థం ఏమిటి? ఎవరైనా అడిగితే చెప్పాలిగా?"

"ఏమో, నాకేం తెలుసు?" అంది ఓడ ఎలుక.

బుంగి కాకిని అడిగింది. "మాకు కా అంటే చాలు. అర్థాలెందుకు?" అంది కాకి. కొంగని అడిగింది. "ష్! చేప బెదురుతుంది," అంది కొంగ.

ఇక మిగిలింది అమ్మమ్మే. మతిమరుపు ఎక్కువ కదా అని ముందు అడగలేదు.

అమ్మమ్మ ఆ మాటని గింజలా నెమ్మదిగా నమిలింది. "బాండి... కూట్... ఒసే బుంగీ, ఇది మన పందికొక్కేనే! దొరలకి నోరు తిరగక అలా అయింది. మనం కోపమొస్తే పందిలా గుర్రుమంటాం, అందుకని పంది. ఇక కొక్కు అంటే... కొక్కు అంటే..."

అమ్మమ్మ కళ్ళల్లో భయం. "నోట్లోనే ఉందే. ఎటు పోయింది?"

ఓడ కూత వేసింది. "బాండికూట్, రా!" అని ఎలుక కేకేసింది.

బుంగి కదలలేదు. అమ్మమ్మని ఆనుకుని కూర్చుంది. "నీకు ఎవరు చెప్పారు అమ్మమ్మా? ఏమని చెప్పారు?"

"మా అమ్మమ్మ. ఒళ్ళో పడుకోబెట్టుకుని... 'గుర్రుమనే ఎలుకా, పడుకో' అనేది... ఆ! ఎలుక! కొక్కు అంటే ఎలుకే! పాతకాలం మాట."

ఆ గొప్ప పేరు తన ఇంటిదే! బుంగి గట్టుకి పరిగెత్తింది. "ఓయ్, నా పేరు పందికొక్కు! సరిగ్గా పలుకు. అప్పుడు వస్తా!"

"పాండి... బందికూ..." అంటుండగానే ఓడ కదిలిపోయింది.

బుంగి నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది.

"ఒసే, కొక్కు అంటే ఏమిటే?" అంది అమ్మమ్మ.

ఈసారి బుంగి చెప్పింది.

నీతి: మన మాటకి అర్థం ముందు ఇంట్లో పెద్దవాళ్ళనే అడగాలి. వాళ్ళు మరిచిపోయేలోగా నేర్చుకుంటే, రేపు వాళ్ళకి మనమే చెప్పవచ్చు.