కడిగినా పోని రంగు

ఊ కొట్టండప్పా, ఊ కొట్టకుంటే నేను చెప్పను. అనగా అనగా, మన తాతలకు తాతలు కూడా పుట్టని కాలంలో ఓబన్న అని ఒక పగటివేషగాడు ఉండేవాడంట.

నక్క మోసం చేస్తుంది, పొట్ట కోసం. కోతి మోసం చేస్తుంది, ప్రాణం కోసం. ఓబన్న మోసం చేసేవాడు, జనం నవ్వడం కోసం. ఒకరోజు సన్యాసి, ఒకరోజు కోమటి, ఒకరోజు తలారి. కన్నతల్లి ఎదురుపడినా గుర్తుపట్టేది కాదు. అయితే పగటివేషగాళ్లకొక కట్టుబాటు ఉంది. ఏ వేషం వేసినా పొద్దుగూకేలోపల ముఖం కడుక్కొని, నేనే, ఫలానావాణ్ణి అని పేరు చెప్పుకోవాలి. చెప్పకుంటే అది వేషం కాదు, దొంగతనం. ఓబన్న ఏనాడూ ఆ మాట తప్పలేదు.

ఆ ఏడు కరువొచ్చింది. కోటలో దొర గాదెలకు తాళాలేసుకొని కూర్చున్నాడు. ఊళ్లో పిల్లలు చింతగింజలు ఉడకేసుకొని తింటున్నారు. చూడలేక కమ్మరి కంబగిరి ఆ తాళాలు పగలగొట్టి ఊరందరికీ జొన్నలు పంచినాడు. కావలివాళ్లకు ఒక్కటే తెలుసు, ఆ మనిషి ఎడమ చెంప మీద కాలిన మచ్చ ఉందని. పొద్దుగూకేలోపల వాణ్ణి అప్పగించకుంటే ఊరు తగలబెడతామని చాటింపు వేసినారు.

కంబగిరికి ముగ్గురు పసిబిడ్డలు. అయినా నేనే పోతానని లేచినాడు. ఓబన్న అడ్డం నిలబడినాడు. ఓబన్నకు ముందూ వెనకా ఎవరూ లేరు.

"నీ మచ్చ నేను వేసుకొని పోతా మామా. నీవు బిడ్డల్ని తీసుకొని కొండ దాటు. ఆనక ముఖం కడుక్కొని, వేషగాణ్ణి దొరా అని దండం పెడితే నవ్వి వదిలేస్తారులే."

కంబగిరి నమ్మినాడు. ఎందుకు నమ్మడు? ఓబన్న కడుక్కోని వేషం ఒక్కటన్నా ఉందా? బిడ్డల్ని ఎత్తుకొని కొండదారి పట్టినాడు. కొలిమి దగ్గర ఓబన్న ఒక్కడే మిగిలినాడు.

చెంప మీద మచ్చతో కోటకు పోయి దొర ముందర నిలబడినాడు. దొర తక్కువోడేం కాదు. ఆ ఊళ్లో వేషగాడున్నాడంట, కడగండి వీడి ముఖం అన్నాడు. నీళ్లతో కడిగినారు, మచ్చ పోలేదు. కుంకుడు రసంతో కడిగినారు, మచ్చ పోలేదు. ఇసుకతో రుద్దినారు, నెత్తురొచ్చింది గాని మచ్చ పోలేదు. ఎట్లా పోతుంది నాయనా? అది రంగు కాదు. ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి, తన చెంపకు తానే పెట్టుకున్నాడు ఆ మారాజు ఓబన్న.

నీవెవరని దొర మూడుసార్లు అడిగినాడు. మూడుసార్లూ కంబగిరినన్నాడు. అట్లనే పొద్దుగూకింది. ఆ పేరు మీదనే తల తీసినారు.

కొండ అవతల కంబగిరి, ఓబన్న ముఖం కడుక్కొని వస్తాడని దారి చూస్తా ఉన్నాడు. సంగతి తెలిసినాక నేల మీద పడి ఏడ్చినాడు.

"నన్ను కూడా మోసం చేసినావు కదరా, ఓబన్నా."

ఈనాటికీ ఆ పక్క ఊళ్లలో పగటివేషగాళ్లు ఆఖరి రోజు ముఖం కడుక్కొనేటప్పుడు ఎడమ చెంప మీద వేలెడంత రంగు వదిలేస్తారు. అందరి ముందుకొచ్చి "నేనే" అని ఆగుతారు. తమ పేరు చెప్పరు. అప్పుడు ఆడామగా, పిల్లాజెల్లా అందరూ కలిసి "ఓబన్న" అంటారు. ఆ పొద్దు ఆయన చెప్పుకోకుండా వదిలేసిన పేరు, ఆయన బదులు ఊరు చెప్తుంది.