సన్నాయికి అంటిన పన్ను

పూసలపాడులో తెలివి పంచిన రోజున తమ ఇంటివాళ్ళే ముందు వరసలో నిలబడ్డారని సోములు నమ్మకం. బావ గవరయ్య సన్నాయి ఊదుతాడు, సోములు పక్కన డోలు వాయిస్తాడు, అక్క పైడమ్మ ఇద్దరికీ బుద్ధులు చెబుతుంది.

ఆ సాయంత్రం సర్పంచి గారింట పెళ్ళి. పొద్దున్నే గవరయ్య తాంబూలం వేసుకోబోతుంటే, వక్క గట్టిది, చూసి కొరకమంది పైడమ్మ. గవరయ్య వక్కని వెలుగులో పెట్టి నలువైపులా చూశాడు. చూశాక కొరికాడు. అంతే, ముందు పన్ను సగానికి విరిగి అరచేతిలో పడింది. సన్నాయి ఎత్తి ఊదితే సందులోంచి బుస్సుమంది. ముహూర్తానికి సన్నాయి మోగకపోతే ఇక ఏ పెళ్ళికీ తమని పిలవరు.

పళ్ళ డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, ముక్క ఎండిపోకుండా పాలలో వేసి తెమ్మంది. దారిలో పాలు విరిగిపోతాయేమోనని పైడమ్మ ముందుచూపుతో తోడు పెట్టింది. పట్నం చేరాక డాక్టరమ్మ పెరుగులో చెంచా పెట్టి ముక్కని వెతుక్కుంది.

ఆవిడ దగ్గర పనిచేసే అమ్మాయి సెలవులో ఉంది. పెదవి పట్టుకోవడానికి ఒక చెయ్యి, ముక్క పట్టుకోవడానికి ఇంకో చెయ్యి పోగా, జిగురు పూయడానికి మూడో చెయ్యి కావాలి. సోములు ముందుకొచ్చాడు. కుంచె అలా తాకించి తీసేశాడు. ముక్క జారి గవరయ్య నాలుక మీద పడింది.

“పైపైన పూస్తే అంటదయ్యా,” అంది డాక్టరమ్మ. “ఇరవై లెక్కపెట్టేదాకా పంటికి రుద్దు, అప్పుడే లోపలికి ఇంకుతుంది. తర్వాత మెల్లగా ఊదాలి. ఆపైన లైటు.”

ఇంకేముంది, సోములు శ్రద్ధగా ఇరవై లెక్కపెడుతూ రుద్దాడు. ఏ పంటికో ఆవిడ చెప్పలేదు కాబట్టి, దగ్గర్లో ఉన్నది కదా అని తన పంటికే రుద్దుకున్నాడు. మెల్లగా ఊదమన్నారని వెంట తెచ్చిన సన్నాయి అందుకుని జోలపాట ఊదాడు. కుర్చీలో గవరయ్య నోరు తెరుచుకునే నిద్రపోయాడు.

చివరికి ఆవిడే కుంచె పట్టి, రుద్ది, గాలి ఊది, నీలం లైటు చూపించింది. ముక్క ఇట్టే అంటుకుంది. ఈ పూటకి ఆ పంటికి ఏదీ తగలనీకు అని గవరయ్యకి, ఆ జిగురూ లైటూ భద్రంగా పెట్టమని సోములుకి చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. తన జేబుకన్నా భద్రమైన చోటు సోములుకి కనపడలేదు.

పెళ్ళిలో పంతులుగారు గట్టిమేళం అన్నారు. గవరయ్య సన్నాయిని పంటికి తగలకుండా జానెడు దూరంలో పట్టుకుని ఊదాడు. పంతులుగారి ముందున్న దీపం ఆరిపోయింది. సర్పంచి కళ్ళెర్రజేశాడు.

“గాలి సన్నాయికి అంటట్లేదు బావా,” అన్నాడు సోములు. “పైపైన ఊదితే ఎలా అంటుంది?”

అంతే, జేబులోంచి జిగురు తీశాడు. ఈసారి ఒక్కటీ మరవలేదు. పంటికీ సన్నాయి కొసకీ ఇరవై లెక్కపెట్టి రుద్దాడు, మెల్లగా ఊదాడు, రెండిటినీ కలిపి లైటు చూపించాడు. సన్నాయి ఖంగున మోగింది. పెళ్ళికూతురి మెడలో తాళి పడింది. సర్పంచి మెచ్చుకున్నాడు.

తర్వాత సన్నాయి ఊడలేదు.

భోజనాల దగ్గర, పప్పు వెయ్యనా అని వడ్డించేవాడు అడిగాడు. గవరయ్య ఊఁ అన్నాడు. సన్నాయి మోగింది. ఇంకేముంది, సోములు డోలు అందుకున్నాడు. మేళం వినగానే పైడమ్మ అక్షింతలు తెచ్చి, వడ్డించేవాడినీ వాడి చేతిలో గరిటెనీ కలిపి, పిల్లాపాపలతో నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించింది.