తెర వెనక రెండు పొయ్యిలు

రంకెలదుర్గం రాజు ఉద్దండవర్మ తుమ్మితే పక్క రాజ్యంలో తాటిచెట్లు వంగిపోయేవి. నేను కాస్త తగ్గించే చెబుతున్నాను. ఆయనగారు ఓ పొద్దున సింహాసనం మీంచి హుకుం జారీ చేశారు.

"ఎల్లుండి సైన్యం ఊరేగాలి. పడుకున్నవాళ్లంతా లేవాలి!"

పడుకున్నది ఇరవైనలుగురు సైనికులు. నూనెకొట్టు తగలబడితే ఆర్పబోయి, పొగ మింగి, ఊపిరాడక పడ్డారు. అందులో ఒకడు, రాజుగారికి వింజామర వీచే బొల్లయ్య తమ్ముడు.

ఆస్థాన వైద్యులు వామనభట్టుగారు రోగి మొహం చూడకుండానే మందు చెప్పేవారు. చూస్తే ఆయన ప్రతిభకే అవమానం కదా!

"అందరికీ ఆయాసమే. తలా ఏడు ముంతల బార్లీ నీళ్లు పట్టించండి" అన్నారు.

తెల్లారేసరికి పన్నెండుమంది తేరుకున్నారు. తక్కిన పన్నెండుమంది వాచిపోయి మరింత రొప్పసాగారు. బొల్లయ్య తమ్ముడు వాచినవాళ్లలో ఉన్నాడు.

"ఇదేమిటి భట్టుగారూ?" అన్నారు రాజుగారు.

"నా మందులో లోపం లేదు ప్రభూ! లోపం రోగులదే. ఇంకో ఏడు ముంతలు పడితే సరి."

వింజామర ఆగింది.

"ప్రభూ, మూడు రోజులుగా వాళ్లకి విసురుతున్నది నేనే. కొందరికి నాలుక ఎండి చెక్కయింది. కొందరికి కాలు నొక్కితే గుంట పడుతోంది, రొమ్ములో గురగుర. ఆయాసం ఒకటేగానీ జబ్బులు రెండు. ఆ నీళ్లు పడితే మావాడు పోతాడు."

"విసనకర్ర పట్టిన ప్రతివాడూ వైద్యుడేనా!" అని భట్టుగారు బొజ్జ ఊగేలా నవ్వారు.

"మధ్యాహ్నంలోగా రుజువు చెయ్యి. లేదా ముంతలు పట్టించేస్తారు" అన్నారు రాజుగారు.

మధ్యాహ్నానికి సభలో ఓ తెర వెలిసింది. దాని మీంచి రెండు పొగలు లేస్తున్నాయి.

"భట్టుగారూ, వెనక రెండు పొయ్యిలు, రెండు గిన్నెలు. రెండూ పొగ కక్కుతున్నాయి. తమ చికిత్స?" అన్నాడు బొల్లయ్య.

"ఓసారి చూస్తారా?" అన్నారు రాజుగారు.

"చూడ్డమెందుకు ప్రభూ? పొగంటే పొగే. గిన్నెకి ఏడేసి ముంతల నీళ్లు పొయ్యి!"

బొల్లయ్య పోశాడు. మొదటి పొగ బుద్ధిగా తగ్గింది. రెండోది బుస్సుమని లేచి సభంతా కమ్మేసింది. తెర కింద నుంచి వచ్చిన వరదలో ఇద్దరు మంత్రులు ఈత నేర్చుకున్నారని మా తాత ప్రమాణం చేసి చెప్పేవాడు.

తెర లాగారు. మొదటి గిన్నెలో పప్పు. నీరింకి అడుగంటబోతూ బతికిపోయింది. రెండో గిన్నె నిండా పాయసం. అప్పటికే పొంగి మంట మీద పడుతున్నది కాస్తా ఇప్పుడు నేలపాలైంది.

"ఆ ఇత్తడి గిన్నె మాదే!" కెవ్వుమన్నారు భట్టుగారు.

"చిత్తం. తమ మనవరాలి బారసాల పాయసం. అమ్మగారినడిగి తెచ్చాను."

"ఓరి పాపాత్ముడా! పొంగిపోతున్నదాంట్లో ఇంకా నీళ్లు పోస్తారట్రా?"

బొల్లయ్య చేతులు కట్టుకున్నాడు.

"మందులో లోపం లేదు భట్టుగారూ! లోపం పాయసానిదే."

రాజుగారు నవ్విన నవ్వుకి కోటగోడ నుంచి మూడు రాళ్లు రాలాయి. ఆ నవ్వులోనే ఆజ్ఞ వెళ్లింది. తమ్ముడి పెదాల దాకా వచ్చిన ముంత వెనక్కి మళ్లింది. భట్టుగారికి బహుమానంగా ఇద్దామని చేయించిన బంగారు కంకణం బొల్లయ్య చేతికెక్కింది.

వింజామర భట్టుగారి చేతికెక్కింది.

"వాచిన పన్నెండుమందికీ మీరే విసరండి" అన్నారు రాజుగారు. "ఈసారి మొహాలు చూస్తూ!"