నగారా మోగించిన బల్లి

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. మధ్యలో లేచి "ఇవన్నీ కోతలు" అంటే మాత్రం ఊరుకోను. పోయినసారి అట్లా అన్నవాడు మర్నాడు పొద్దున్నే వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు.

అందరూ "ఒకానొక రాజ్యంలో" అని మొదలుపెడతారు, పేరు చెప్పే ధైర్యం లేక. నాకా బాధ లేదు. రాజ్యం పేరు నెమలిగుట్ట. రాజు చండవిక్రముడు. ఆయనకు తాంబూలం అందించే కొలువు నాది. కేతప్ప చేతి విడెం వేసుకుంటే మూగవాడైనా పద్యం చెబుతాడని ఏడు దేశాల్లో ప్రతీతి. ఎనిమిదో దేశంలో తమలపాకు పండదు కాబట్టి వాళ్ళకు తెలియదు.

చండవిక్రముడికి ముప్పై ఏళ్ళు. పెళ్ళి కాలేదు. తన ఠీవికి తగిన పిల్ల ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. రోజూ సభలో ఒక మాట అనేవాడు, "భయమన్నది మా వంశంలో లేదు." వెంటనే మంత్రి పుండరీకయ్య అందుకునేవాడు, "తాతగారి కాలం నుంచీ లేదు ప్రభూ." ఆయన మంత్రిత్వం సగం ఆ మాట మీదే నడిచేది.

ఆ పుండరీకయ్యే ఒక ఏర్పాటు చేశాడు. ప్రభువుల మనసులో ఏముందో ప్రజలకు ఎప్పటికప్పుడు తెలియాలట. కోట తూర్పు ద్వారం మీద ఒక నగారా, ఒక కొమ్ముబూర పెట్టించాడు. రాజుగారికి కలత కలిగితే నగారా ఒక దెబ్బ. సంతోషం కలిగితే బూర ఒకసారి. అది విని పొలిమేర చుట్టూ ఉన్న పన్నెండు బురుజుల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మోగిస్తూ, చివరికి పడమటి ద్వారానికి చేర్చాలి. పొలిమేరలో శత్రువు కనిపించినా అదే దారిన కబురు రావాలి. మా పొలిమేర ఎంత పెద్దదంటే, గుర్రమెక్కి చుట్టి వచ్చేసరికి గుర్రానికి మనవలు పుడతారు. మోత మాత్రం మూడు గడియల్లో చుట్టేసేది.

ఎన్ని దెబ్బలకు ఏమిటో పుండరీకయ్య తాటాకుల మీద రాసిపెట్టాడు. నగారా ఆరు దెబ్బలంటే దొంగలు, పన్నెండంటే శత్రుసేన. బూర ఆరుసార్లంటే పండగ, పన్నెండుసార్లంటే యువరాజు పుట్టాడని.

మొదలుపెట్టే ముందు రోజు పరీక్ష పెట్టారు. ఒక బురుజువాడు మెల్లగా కొట్టాడని పది కొరడా దెబ్బలు వేయించారు. ఇంకొకడు పొరపాటున ఒక దెబ్బ ఎక్కువ కొడితే, వాడి ఉత్సాహం మెచ్చి శాలువా కప్పారు. మిగతావాళ్ళు రెండూ చూశారు.

మర్నాడే ముహూర్తం. నిండు సభ. ప్రభువులు "భయమన్నది మా..." అంటుండగా దూలం మీంచి ఒక బల్లి జారి ఆయన భుజం మీద పడింది. మామూలు బల్లి. ఉడుమంత ఉందని చెప్పగలను గానీ, ఇక్కడ అబద్ధం అవసరం లేదు.

ప్రభువులు "అమ్మో" అన్నారు.

సభలో ఉన్న మూడు వందల మందీ అదే క్షణాన పైకప్పు మీది బొమ్మలు చూడ్డం మొదలుపెట్టారు. బయట తూర్పు ద్వారం మీద నగారా ఒక్క దెబ్బ మోగింది. ఎవరూ పట్టించుకోలేదు.

మూడు గడియలు గడిచాయి. పడమటి వైపు నుంచి నగారా వినిపించింది. లెక్కపెట్టాం. పదమూడు.

పుండరీకయ్య తాటాకులు తిరగేశాడు. "పన్నెండు దాకానే రాశాను ప్రభూ. ఇది దానికన్నా ఘోరమైనదేదో."

ప్రభువుల ముఖం పాలిపోయింది. "ప్రజలను హెచ్చరించండి. తూర్పు ద్వారం మీద మనమూ పదమూడు కొట్టించండి."

కొట్టించారు. మళ్ళీ మూడు గడియలకు పడమటి నుంచి మోత వచ్చింది. ఈసారి ఇరవై అయిదు.

"శత్రువు రెట్టింపయ్యాడు," అన్నాడు పుండరీకయ్య. ఆయన్ని చూసి సేనను నడిపే దళవాయి వణికాడు. దళవాయిని చూసి రాజు వణికాడు. రాజును చూసి సభంతా వణికింది. ఆ వణుకులోనే ఆజ్ఞ వెలువడింది.

"కోట చుట్టూ జొన్నచేలన్నీ తగలబెట్టండి. శత్రువుకు గింజ దొరకకూడదు."

గింజ గట్టిపడిన కంకులవి. పది రోజుల్లో కోత. నలభై ఊళ్ళ ఏడాది తిండి. దళవాయి కాగడాలు కట్టించడానికి కదిలాడు.

నాకు భయం వేసిందా అంటే, వేసింది. ఆ దడకు నా చేతిలోని వక్కల పెట్టె దానంతటదే చిడతలు వాయించింది. కానీ మా ఇంట్లో ఒక అలవాటుంది. భయం వేస్తే ఒక విడెం నోట్లో పెట్టుకుంటాం. అది నమిలి ముగించేదాకా ఒక్క మాట మాట్లాడం, ఒక్క పని చేయం. నమిలాను. వక్క విరిగేసరికి దడ తగ్గింది. సున్నం ఘాటెక్కేసరికి లెక్క తట్టింది. ఒకటికి పన్నెండు కలిపితే పదమూడు. పదమూడుకు పన్నెండు కలిపితే ఇరవై అయిదు. బురుజులు పన్నెండు.

అయితే "ప్రభూ, తమరు బల్లికి అరిచారు" అంటే నా తల అక్కడే తెగుతుంది. భయం లేని వంశం కదా. ఆ మాట ఆయన నోటనే రావాలి.

"ప్రభూ, నాలుగు గడియలు గడువివ్వండి," అన్నాను. "ఒక్క గోంగూర ముద్దతో శత్రుసేనను మాయం చేస్తాను."

"ఒరేయ్ కేతప్పా, నీకు మతి పోయింది."

"పోయి వచ్చింది ప్రభూ."

"చేయలేకపోతే?"

"తమ కత్తి ఉంది, నా మెడ ఉంది. రెండింటికీ ఇంతవరకు పరిచయం లేదు."

పొద్దుటి నుంచి ప్రభువులు ఏమీ తినలేదు. వంటవాడు వేడి కొర్రన్నం, గోంగూర పచ్చడి, పైన నువ్వులనూనె వేసి తెచ్చాడు. ప్రభువులు అయిష్టంగానే ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. "బాగుందిరా," అన్నారు.

నేను కిటికీలోంచి తూర్పు ద్వారానికి ఉత్తరీయం ఊపాను. బూర ఒక్కసారి మోగింది.

"ఇక పడమటి ద్వారానికి దయచేయండి," అన్నాను.

సభంతా వెంట కదిలింది. అక్కడ దళవాయి మనుషులు వెలిగించిన కాగడాలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు కనుచూపు మేర జొన్న. మూడు గడియలకు బూర మోగింది. పదమూడుసార్లు. పుండరీకయ్య తాటాకులు తీయబోయి మానుకున్నాడు. ఇంకాసేపటికి దారిలో దుమ్ము లేచింది.

"వచ్చేశారు," అన్నాడు దళవాయి. ప్రభువులు నా భుజం పట్టుకున్నారు. ఆ అయిదు వేళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే చొక్కా విప్పి చూపిస్తాను.

దుమ్ములోంచి ముందు ఒక ఎద్దులబండి వచ్చింది. బండిలో ఉయ్యాల. వెనక పసుపు కుంకుమ పళ్ళేలతో మూడు వేల మంది ఆడవాళ్ళు. బండి మీంచి మంత్రసాని ఓబుళమ్మ దిగింది.

"ఏరీ బిడ్డలు?" అంది.

"ఎవరి బిడ్డలు?" అన్నారు ప్రభువులు.

"నీ బిడ్డలే నాయనా. బూర పన్నెండుసార్లంటే ఒకడు. పదమూడుసార్లు మోగింది గదా, అంటే కవలలే. నీకు బొడ్డు కోసిన దాన్ని, నన్ను పిలవకుండా పురుడెవరు పోశారు?"

"మాకు పెళ్ళే కాలేదు."

"దాని సంగతి తర్వాత చూసుకుందాం. ముందు బిడ్డల్ని చూపించు."

ప్రభువులు గొంతు సవరించుకున్నారు. "శత్రువులు పొలిమేర దాటి వస్తుంటే మీరు పళ్ళేలతో ఎట్లా వచ్చారు?"

"ఏ శత్రువులు? పొలిమేర దారినే వచ్చాం, మేకలు తప్ప ఒక్కడూ కనబళ్ళేదే. నగారా విని మూటలు కట్టుకున్నాం. బూర విని మూటలిప్పి కుంకుమ తీశాం. పొద్దుటి నుంచి ఇదే పని."

ప్రభువులు నా వైపు తిరిగారు. "కేతప్పా, మేం ఒక ముద్ద తిని బాగుందన్నాం. అది పొలిమేర తిరిగి కవలలై వచ్చిందా?"

"ఒక్కో బురుజూ ఒక్కటి కలిపింది ప్రభూ. కొరడాకు భయపడి, శాలువాకు ఆశపడి."

ప్రభువులు వేళ్ళు మడిచారు. "ఇరవై అయిదులో పన్నెండు పోతే పదమూడు. అవి మేం కొట్టించినవే. ఆ పదమూడులో పన్నెండు పోతే..."

"ఒకటి," అన్నాను. "ఆ ఒక్కటీ ఎందుకు మోగిందో నాకు తెలియదు ప్రభూ. అప్పుడు నేను పైకప్పు చూస్తున్నాను."

 ప్రభువులు కాగడాల వైపు చూశారు, చేల వైపు చూశారు. చేత్తో తమ భుజం ఒకసారి తుడుచుకున్నారు.

"బల్లి," అన్నారు మెల్లగా. "బల్లి పడింది. మేం భయపడ్డాం."

పుండరీకయ్య "తాతగారి కాలం నుంచీ..." అని మొదలుపెట్టి మింగేశాడు.

ఓబుళమ్మ నవ్వింది. "అదేనా? మీ నాయన పిల్లిని చూస్తే మంచమెక్కేవాడు. మీ తాత ఉరిమితే గాదెలో దూరేవాడని మా అమ్మ చెప్పేది. వాళ్ళూ భయపడ్డారు గానీ నాయనా, చేలకు నిప్పు పెట్టలేదు."

ప్రభువులు ఒక్క క్షణం ఆమెను చూశారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వు ఉరుమనుకుని గుట్ట మీద నెమళ్ళన్నీ పురి విప్పాయి. తూర్పు ద్వారం వాడు విని బూర ఎత్తాడు. "దించరా బాబూ, ఈసారి పెళ్ళి కూడా చేసేస్తారు," అని మూడు వందల మందీ ఒక్క గొంతుతో కేకేశారు.

కాగడాలు నీళ్ళలో ముంచారు. ప్రభువులు తమ చేతి బంగారు కడియం తీసి నా చేతికి తొడిగారు.

"ఇకమీదట మాకు భయం వేసినా, సంతోషం కలిగినా, ముందు కేతప్ప విడెం నములుతాం," అన్నారు. "నమిలాక కూడా అది మిగిలి ఉంటేనే మోగించండి. బురుజుల్లో విన్నన్ని దెబ్బలే కొట్టినవాడికి శాలువా."

ఆ తర్వాత పన్నెండేళ్ళలో నగారా రెండే రెండుసార్లు మోగింది. రెండుసార్లూ శత్రువు నిజంగానే వచ్చాడు, నేను కొలువులో ఉన్నానని తెలిసి వెనక్కి పోయాడు.

ఇంకా అనుమానమా? సాక్షులు ఇద్దరున్నారు. ఒకటి ఆ బల్లి, అది మాట్లాడదు. రెండో సాక్షి మాట్లాడటం మొదలుపెడితే ఆపదు. నూట పదహారేళ్ళు, చెవులు చక్కగా వినిపిస్తాయి. ఇప్పుడుండేది పడమటి ద్వారం పక్క సందులో, వసారాలో ఖాళీ ఉయ్యాల వేలాడే ఇంట్లో. వెళ్ళి అడగండి, పేరు మంత్రసాని ఓబుళమ్మ.