రాతిమాడ, ఆకుమాడ

ఒకానొక రాజ్యంలో మాట ఇవ్వడంలో కర్ణుణ్ణి మించినవాడూ, ఇచ్చిన మాట మరిచిపోవడంలో ఎవరికీ అందనివాడూ అయిన రాజు ఉండేవాడు. పేరు దిగ్గజవర్మ. ఆయనగారికి ముప్ఫై రెండు బిరుదులు. వాటిని మాత్రం ఒక్కటి కూడా ఎన్నడూ మరిచిపోలేదు సుమా!

ఆ కొలువులో చమత్కారాలు చెప్పే ముసలావిడ పేరిందేవమ్మ. ఆమె ఊరు కొండగుంటలో నీళ్లు లేవు. ఆడవాళ్లు కోసెడు దూరం నడిచి తెచ్చుకునేవారు. దిగుడుబావి తవ్విస్తానని రాజు మూడుసార్లు మాట ఇచ్చాడు. మూడుసార్లూ తర్వాత, "మేమా? ఎప్పుడు? అవ్వా, నీకు మతి తప్పుతోంది" అన్నాడు.

నాలుగోసారి అడగబోయి ఆమె ఆగిపోయింది. నిజంగానే అన్నాడా, తనే కలగందా? మొన్నటికి మొన్న పోపులపెట్టె కోసం రెండు రోజులు వెతుక్కుంది. ఆ అనుమానం దాహం కంటే ఎక్కువ బాధించింది.

అంతలో ఇద్దరు పండితులు కొత్తరకం మాడలు తెచ్చారు. మాడ అంటే బంగారు నాణెం. ఇవి మాత్రం గలగలమనవు, కంటికి ఆనవు. ఎవరికెంత ఉందో రాసిన రాతే నాణెం. కనపడని వస్తువు గనక సభ అంతా అర్థమైనట్టు తల ఊపింది.

"నాది రాతిమాడ" అన్నాడు లావుపాటి పండితుడు. "ఎవరేమిచ్చినా నూరు ఊళ్లలో దండోరా వేసి నూరు రాళ్ల మీద చెక్కుతారు. నెల పడుతుంది. కానీ ఒక ఊళ్లో చెరిపితే తక్కిన ఊళ్లు ఒప్పుకోవు."

"నెలా! అందాకా బతికుండాలిగా!" అన్నాడు సన్నటి పండితుడు. "నాది ఆకుమాడ. ఏడుగురు లేఖకులు తాటాకు మీద చిటికెలో రాసేస్తారు. షరతు కూడా పెట్టొచ్చు. అది నెరవేరగానే ఎవరినీ అడక్కుండా ఖజానా తెరుచుకుంటుంది."

"ఏది గొప్పదో నువ్వు తేల్చు, అవ్వా" అన్నాడు రాజు. "తేల్చలేకపోతే కొలువులో నీకు చోటు లేదు."

"పరీక్షించకుండా ఎలా చెప్పను మహాప్రభూ? తమరు ఎన్నడూ అనని మాటే రాయించండి, పోయేదేముంది? కొండగుంటకు బావి ఇచ్చామని రాతిమాడలో. నూరో రాయి పూర్తికాగానే తవ్వేవాళ్లకు కూలి ఇవ్వాలని ఆకుమాడలో."

"పరీక్షే కదా!" అని రాజు రెండింటికీ ముద్ర వేశాడు. ప్రతి రాయి మీదా తన బిరుదులన్నీ చెక్కాలని మాత్రం పట్టుబట్టాడు.

నెల గడిచింది. "ఇక చెరిపెయ్యండి" అన్నాడు రాజు.

లావుపాటి పండితుడు చేతులు జోడించాడు. "సగానికి పైగా ఊళ్లలో చెరిపితేగాని చెల్లదు ప్రభూ. రాళ్లన్నిటి మీదా తమ బిరుదులున్నాయి. వాటి మీద ఉలి పెడితే రాజద్రోహమని శిల్పులెవరూ రావడంలేదు."

"అయితే కూలి ఆపండి!"

"పొద్దున్నే వెళ్లిపోయింది ప్రభూ" అన్నాడు సన్నటివాడు. "ఈపాటికి నిలువు లోతు తవ్వేసి ఉంటారు."

"మమ్మల్ని అడక్కుండానా?"

"అడక్కపోవడమే దీని గొప్ప, ప్రభూ."

రాజు పేరిందేవమ్మ వైపు తిరిగాడు. "ఇంతకీ ఏది గొప్పది?"

"నీళ్లు దాచే కాగు గొప్పదా, తోడే చేద గొప్పదా అంటే ఏం చెప్పను మహారాజా? కాగుతో తోడబోతే నడుం విరుగుతుంది. చేదలో దాచబోతే సాయంత్రానికి ఖాళీ. రాతిమాడ దాచడానికి, ఆకుమాడ పని జరిపించడానికి. నా మతి తప్పినా ఇక చింత లేదు. నూరు ఊళ్లకు గుర్తుంది."

రాజు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆపైన పకపకా నవ్వేశాడు.

"నీ మతికేం కాలేదు అవ్వా! మూడుసార్లూ అన్నాం. మూడుసార్లూ మాకు గుర్తే. ఇదిగో, ఈ శాలువా నీకు బహూకరిస్తున్నాం!"

పేరిందేవమ్మ మామూలుగా దండం పెట్టి వెనక్కి నడవలేదు. రెండు చేతులూ చాచి అక్కడే నిలబడింది. రాజు భుజం మీది శాలువా తన చేతుల్లో పడేదాకా కదల్లేదు.